మంజులతమ్మ మాటల రీలు

నేను చేసే పనేమిటో మా ఊళ్ళో ఎవరికీ చెప్పి ఒప్పించలేకపోయాను. కంప్యూటర్ పని అంటే సంబరపడ్డారు, కెమిస్ట్రీ అంటే మొహం చిట్లించారు, రెండూ కలిసిన పని అంటే కోతలు కోస్తున్నాననుకున్నారు. అది రెండు వేల సంవత్సరం. నాతో ఎమ్మెస్సీ చదివినవాళ్ళలో సగంమంది కెమిస్ట్రీకి దండం పెట్టి అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నారు. నేను మాత్రం జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా మేడ మీద కూర్చుని, ఏ రసాయన చర్యలో ఎంట్రోపీ పెరుగుతుందో, ఎందులో తగ్గుతుందో ముందే చెప్పే ప్రోగ్రాముకి పాఠాలు ఎక్కిస్తున్నాను.

ఎంట్రోపీ అనగానే బెదిరిపోనక్కర్లేదు. అణువులు ఎన్ని రకాలుగా సర్దుకుని ఉండగలవో చెప్పే లెక్క అది. గట్టి పదార్థంలో వాటికి కదిలే చోటు తక్కువ, కాబట్టి ఎంట్రోపీ తక్కువ. ద్రవంలో కాస్త ఎక్కువ. ఆవిరైపోతే ఇక వాటికి పట్టపగ్గాలుండవు. అందుకని ఏ చర్యను చూసినా ముందు రెండు పక్కలా వాయువులు లెక్కపెడతాం. చర్య తర్వాత వాయువులు పెరిగితే ప్లస్, తగ్గితే మైనస్. సమానంగా ఉంటేనే తలనొప్పి. అప్పుడు అణువు పెద్దదా చిన్నదా, గొలుసు తెగిందా అతుక్కుందా అని చూడాలి. ఆ తలనొప్పులన్నీ ప్రోగ్రాముకి నేర్పడానికే నాకు జీతం.

బంగళా కింది హాలుని షూటింగులకు ఇచ్చేవాళ్ళు. వారానికోసారి ఎవరో ఒక తండ్రి ఆ మెట్ల మీద గుండె పట్టుకుని కూలిపోయేవాడు. కింద ‘సైలెన్స్’ అని కేక వినబడగానే మేం ఏసీ ఆపేసి, కీబోర్డు మీంచి చేతులు తీసేసి, ఆ తండ్రి ప్రాణం పోయేదాకా చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళం. మా అధిపతి కాశీవిశ్వనాథం గారు యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన. ‘వీడికి గుండెపోటు రావడం మన ప్రోగ్రాము కంటే బాగా ఊహించగలుగుతున్నానమ్మా’ అని చెవిలో చెప్పి మమ్మల్ని నవ్వించేవారు. నవ్వు ఆపుకోవడం ఇంకో బాధ.

నేనుండేది ఫిల్మ్‌నగర్‌లో, మంజులతమ్మ ఇంటి పై గదిలో, కిరాయికి. గది చూడటానికి వెళ్ళిన రోజు నేను ఎన్ని అడిగినా ఆమె నోరు తెరవలేదు. ఎంత పొగరు అనుకున్నాను. నాకు కోపం ముందొచ్చి బుద్ధి తర్వాతొస్తుంది. ఆమె తాపీగా గూట్లోంచి పలక తీసి, ‘గొంతు తీసేశారమ్మా, కాన్సర్. మిగతావి మా అన్నయ్య మాట్లాడతాడు’ అని రాసి చూపించింది. మెడకు కట్టుకున్న తెల్లటి పల్చటి గుడ్డ ఆమె ఊపిరికి పైకీ కిందికీ కదులుతోంది. ఆపరేషను తర్వాత ఊపిరి అక్కడి రంధ్రంలోంచే పోతుందని తర్వాత తెలిసింది.

ఆ తీసేసిన గొంతు ఎవరిదో తెలిశాక నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. పాతికేళ్ళ పాటు హీరోయిన్లకు మాట అరువిచ్చిన మనిషి ఆమె. మా అమ్మ జగిత్యాల టాకీసులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిన సినిమాలన్నిటిలోనూ నిజానికి ఏడ్చింది ఈమే. తెర మీద ఏడ్చినవాళ్ళకు దండలు పడ్డాయి, ఈమె పేరు టైటిల్సులో కూడా ఎక్కడా పడలేదు. ‘మీకు కోపం రాలేదా అమ్మా’ అంటే, ‘నీకు వస్తోందిగా, చాలు’ అని రాసి నవ్వింది. నవ్వినప్పుడు భుజాలు కదిలేవి, చప్పుడు ఉండేది కాదు.

సాయంత్రాలు ఆఫీసు నుంచి రాగానే కిందికి వెళ్ళి ఆమె దగ్గర కూర్చోవడం అలవాటైంది. నా ఉద్యోగం సంగతి చెప్తే పలక మీద, ‘అంటే జోస్యం’ అని తేల్చేసింది. అప్పటినుంచి ‘ఏమ్మా జోస్యురాలా, ఇవాళ ఎవరి జాతకం చూశావు?’ అని వెక్కిరించడం మొదలుపెట్టింది. అన్నం ఉడకడం ప్లస్సా మైనస్సా, పాలు విరగడం ఏమిటి, అగరొత్తి కాలడం ఏమిటి అని అడిగేది. అగరొత్తి ప్లస్ అని చెప్తే, ‘అది నాకూ తెలుసు, ఇల్లంతా పాకుతుందిగా’ అని రాసింది.

వానలు మొదలైన వారానికి ఆ ఇంట్లో నాకు ఒక వాసన తగిలింది. మొదట అగరొత్తులూ కర్పూరం మధ్య సరిగా తెలియలేదు. పచ్చడి జాడీ ఏదో పాడైందనుకుని వంటింట్లో అన్నీ మూత తీసి చూశాను. ఆవకాయ నిక్షేపంలా ఉంది. వాసన వెంటే పోతే దేవుడి గది దగ్గరికి చేరాను.

‘అమ్మా, గీ గదిల సిర్కా గిట్ల ఒలికిందా ఏంది?’ అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. వాసన అని ముక్కు పట్టుకుని చూపించాను. ఆమె చిన్నగా నవ్వి పలక అందుకుంది. ‘గాలి ముక్కులోంచి పోదుగా. ఏడాదిన్నరగా నాకు ఏ వాసనా తెలీదు. కూర మాడినా కళ్ళతో చూడాల్సిందే’ అని రాసింది. నేను పటాల కింద పసుపు గుడ్డ కప్పి ఉన్న ట్రంకు పెట్టె దగ్గర వంగాను. వాసన అందులోంచే వస్తోంది.

పెట్టె మీద చెయ్యి వేయగానే ఆమె గబుక్కున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ పెట్టెలో ఏముందో ఆ సాయంత్రం పలక మీద రాస్తూ, తుడుస్తూ, మళ్ళీ రాస్తూ చెప్పింది.

పంతొమ్మిదేళ్ళప్పుడు మద్రాసులో ఆమె హీరోయిన్‌గా ఒక సినిమా తీశారు. తీయడం అయిపోయింది, గుమ్మడికాయ కూడా కొట్టారు, ఆమె తన పాత్రకు తనే డబ్బింగు చెప్పుకుంది. విడుదలకు ముందే నిర్మాత పోయాడు. వారసులు సినిమాల జోలికి రాలేదు. దానికి ప్రొడక్షన్ మేనేజరుగా చేసిన ఆమె అన్నయ్య చలపతిరావు గారు తిరిగి తిరిగి, చివరికి ఆ డబ్బాలను చెల్లెలికి సంపాదించిపెట్టాడు. ఆ తర్వాత ఆమెకు వేషాలు రాలేదు. మొహం కెమెరాకి ఆనదన్నారు, గొంతు మాత్రం బంగారమన్నారు. అలా ఆమె ఇతరుల మొహాల వెనక్కి వెళ్ళిపోయింది.

‘ఆ ఒక్క సినిమాలోనే నా మొహం మీద నా గొంతు ఉంది’ అని రాసింది. తర్వాత తుడిచి, ‘డబ్బింగులో ముక్కలుగా చూశాను. వరసగా కూర్చుని ఒక్కసారి కూడా చూడలేదు’ అని రాసింది. మళ్ళీ తుడిచి, ‘ఒక్కసారి చూస్తే చాలు’ అని రాసి, సుద్దముక్క కింద పెట్టేసింది. ఫిల్మ్‌నగర్‌లోనే స్టూడియో ఉన్న సాయిశ్రీనివాస్ అనే సౌండ్ ఇంజనీరు, ఒకప్పుడు ఆమె దగ్గర కుర్రవాడిగా తిరిగినవాడు, కొత్త మెషీను తెచ్చాడట. డబ్బాలు ఇస్తే సినిమా మొత్తం వీడియో టేపు మీదికి ఎక్కించి ఇస్తానన్నాడట. అన్నయ్య ముహూర్తం చూసి చెప్తానన్నాడట.

పాత ఫిల్ము దేంతో చేస్తారో నాకు పాఠాల్లో వచ్చింది. సెల్యులోజ్ అనే పెద్ద గొలుసుకి ఎసిటేట్ గుంపులు తగిలించి చేస్తారు. తేమ తగిలితే ఆ గుంపులు ఒక్కొక్కటిగా ఊడి ఎసిటిక్ ఆమ్లం అయిపోతాయి. ఎసిటిక్ ఆమ్లమంటే సిర్కాలో, అదే వెనిగర్‌లో, ఉండేదే. వాసన వస్తోందంటే పెట్టె లోపల ఆమె సినిమా ఊడిపోవడం మొదలైందని అర్థం. ఆమె మంచానికి పక్క గదిలోనే జరుగుతోంది, ఆమెకు తప్ప ఎవరికైనా తెలిసేది. మిగిలింది అన్నయ్య. ఆయనకు నశ్యం అలవాటు, ముక్కు ఎప్పుడో మొద్దుబారింది.

చలపతిరావు గారు మర్నాడు వెంగళరావు నగర్ నుంచి స్కూటరు మీద వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నుదుట బొట్టు. నేను చెప్పిందంతా విని, పెట్టె మీద పసుపు గుడ్డ తీసి చూపించాడు. లోపల ఒక్కో డబ్బా మూత చుట్టూ లక్కతో సీలు, దాని మీద టేపు, దాని మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద పసుపూ కుంకుమా. ఎన్నేళ్ళుగానో విజయదశమికి పెట్టె మూత వరకు తీసి, డబ్బాలకు కర్పూర హారతి ఇచ్చి మూసేస్తున్నాడు.

‘చూశావా అమ్మాయ్, చీమ దూరే సందు కూడా లేదు. పురుగూ పుట్రా, దుమ్మూ ధూళీ ఏదీ పోదు. నేను స్వయంగా లక్క పోశాను. విడుదల కాని బొమ్మని విడుదల రోజు దాకా కన్ను పడకుండా ఉంచాలి, మా పాతకాలం వాళ్ళ పద్ధతి అది.’

‘అయ్యో పెద్దయ్యా, గదే మోసమైంది. మీరు సీలు చేసుడుతోని జరంత వాసన తప్ప లోపలి ఆమ్లం బయటికి పోతలేదు. గది గట్లనే ఉండి ఇంకింత కుళ్ళిస్తది. ఎంత ఆమ్లమైతే అంత జల్దీ అయితది. ఇయ్యాలనే తీయాలె.’

‘ఇవాళా? ఆషాఢమమ్మా!’ అని ఆయన నన్ను తిట్టు విన్నవాడిలా చూశాడు. ‘ముప్ఫై ఏళ్ళు ఆగిన బొమ్మ. శ్రావణంలో మంచి శుక్రవారం చూసి, కొబ్బరికాయ కొట్టి తీద్దాం. మా మంజు సినిమా అశుభ మాసంలో తెరుస్తామా?’

నేను మంజులతమ్మ వంక చూశాను. ఆమె అన్నయ్య వంక చూసింది. ఆమెను చెయ్యి పట్టుకుని మద్రాసు తీసుకెళ్ళినవాడు ఆయన, ఆపరేషనుకి ఆసుపత్రిలో పగలూ రాత్రీ కూర్చున్నవాడూ ఆయనే. ఆయన తప్పు చేశాడని ఆమె ముందు ఎలా అనడం? ఆమె పలక తీసి నాకు రాసింది. ‘శ్రావణం దాకా ఆగితే ఏమవుతుంది?’

అది నేను జవాబు చెప్పాల్సిన ప్రశ్న. ‘రేపు చెప్తా’ అన్నాను.

మర్నాడు ఆఫీసులో అన్ని పనులూ పక్కన పెట్టి ఆ చర్యని వేసుకుని కూర్చున్నాను. ఎడమ పక్క ఫిల్ము, గట్టిది. తేమ, ఆవిరి. కుడి పక్క ఊడిపోయిన ఫిల్ము, గట్టిదే. ఎసిటిక్ ఆమ్లం, ఆవిరి. ఒక వాయువు లోపలికి పోతే ఒక వాయువు బయటికి వస్తోంది. సమానం. వాయువులు లెక్కపెట్టే మా సూత్రం అక్కడే చేతులెత్తేసింది. అప్పుడు రెండో సూత్రానికి వెళ్ళాను. నీటి అణువు చిన్నది, ఎసిటిక్ ఆమ్లం అణువు దానికంటే పెద్దది, అందులో ఎక్కువ పరమాణువులు ఎక్కువ రకాలుగా కదులుతాయి. ఇక లోపల గొలుసులు కూడా తెగి ముక్కలవుతాయి. తేమ ముందే ఫిల్ములో ఇంకి ఉందనుకుంటే మరీ నయం, అంటే మరీ ఘోరం. ఎటు తిప్పినా ప్లస్సే. ప్రోగ్రాముకి ఇచ్చాను, అది కూడా ప్లస్ అంది. కొత్తగా నేర్పిన నియమం బాగా పనిచేసిందని ఒక్క క్షణం సంతోషం వేసింది. ఆ సంతోషానికి నన్ను నేనే తిట్టుకున్నాను.

కాశీవిశ్వనాథం గారి గదిలోకి వెళ్ళి, ఇది ఎన్నాళ్ళలో పూర్తవుతుందో ఎలా లెక్కకట్టాలని అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ‘మనం చెప్పేది ఎటు పోతుందనేగా అమ్మా. ఎప్పటికి చేరుతుందని ఎప్పుడైనా చెప్పామా?’ అన్నారు.

‘గది నాకు తెల్సు సార్. ఇంకెవరన్న చెప్పగల్గుతరా అని.’

‘చెప్పాలంటే డబ్బా లోపల తేమ ఎంతో కావాలి, వేడి ఎంతో కావాలి, ఇప్పటికే ఎంత ఆమ్లం చేరిందో కావాలి. అవన్నీ తెలియాలంటే డబ్బా తెరవాలి. తెరవనివ్వడం లేదంటున్నావు.’

‘వెనక్కి తిప్పే ఉపాయం లేదా?’

‘ఊడినదాన్ని మళ్ళీ తగిలించడమా? ఫ్యాక్టరీలో కొత్త ఫిల్ము చేసుకోవచ్చు. ఆ అమ్మాయి బొమ్మ ఉన్న ఫిల్ము ఎలా చేస్తావు?’ అని, నా మొహం చూసి మెత్తబడి, ‘గాలాడనివ్వండి, చల్లగా ఉంచండి. నడక తగ్గుతుంది, ఆగదు’ అన్నారు. కింద ‘సైలెన్స్’ అన్నారు. ఇద్దరం అలాగే మాట్లాడకుండా కూర్చున్నాం.

సాయంత్రం మంజులతమ్మకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పోవడం మాత్రం ఖాయమని, అది ఎప్పటికో నేను చెప్పలేనని. ‘రేపే కావచ్చు, రెండేండ్లు పట్టచ్చు, ఇప్పటికే అయిపోయి ఉండచ్చు’ అన్నాను. చెప్తుంటే నాకే అసహ్యం వేసింది. ఇదా నేను నేర్చుకున్న విద్య!

చలపతిరావు గారు అక్కడే ఉన్నాడు. ‘రెండేళ్ళు పట్టచ్చని నీ నోటితోనే అన్నావు. ఇక ఇరవై రోజులు ఆగడానికి ఏమిటమ్మా నీ తొందర?’ అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు. అదే నా కోపం. వెటకారమైతే పోట్లాడేదాన్ని. నా దగ్గర ఒక తేదీ ఉంటే ఆయన ముహూర్తానికి ఎదురు నిలబెట్టేదాన్ని. ఆయన దగ్గర పంచాంగం ఉంది, అందులో రోజూ, వేళా, ఘడియలూ ఉన్నాయి. నా దగ్గర ఒక ప్లస్ గుర్తు ఉంది.

మంజులతమ్మ పలక అందుకుని, ‘ఇన్నేళ్ళు ఆగాను. అన్నయ్య మాట కాదనలేను’ అని రాసింది. నాకు చూపించేటప్పుడు నా కళ్ళలోకి చూడలేదు.

కనీసం పెట్టెని చల్లటి చోటికి మార్చమన్నాను. దేవుడి గదిలోంచి ఆషాఢంలో కదపకూడదన్నాడు. ప్లాస్టిక్ కవర్లైనా విప్పుదామన్నాను. వానాకాలం చెమ్మ తగులుతుందన్నాడు. ఆయన చెప్పిన ప్రతిదీ విడిగా చూస్తే సబబుగానే ఉంది. అరిచాను, బతిమాలాను, ఒకరోజు మాట్లాడటం మానేశాను. ఆ ఇరవై రోజులూ ఆఫీసు నుంచి వచ్చి నేను చేసిన పని ఒకటే, దేవుడి గది గుమ్మంలో నిలబడి వాసన చూడటం. మొదట్లో వంగితేనే తెలిసేది. తర్వాత గుమ్మంలోనే తెలిసేది. చివరి రోజుల్లో హాల్లో అడుగు పెట్టగానే ముక్కు మండేది. మంజులతమ్మ సోఫాలో కూర్చుని, నా మొహం చూసి, ‘ఎలా ఉంది?’ అని కళ్ళతో అడిగేది. ‘గట్లనే ఉన్నదమ్మా’ అనేదాన్ని.

శ్రావణ శుక్రవారం వచ్చింది. వరండాలో చాప పరిచి, కొబ్బరికాయ కొట్టి, చలపతిరావు గారు కళ్ళకద్దుకుని మొదటి డబ్బా లక్క చాకుతో చెక్కాడు. సాయిశ్రీనివాస్ కూడా వచ్చాడు, చేతులకు తెల్ల గ్లౌజులు వేసుకుని. మూత లేవగానే పుల్లటి ఘాటు మా మొహాల మీద కొట్టింది. నశ్యం అలవాటున్న చలపతిరావు గారు కూడా దగ్గుతూ వెనక్కి జరిగాడు. మంజులతమ్మ ఒక్కతే డబ్బా మీదికి వంగి, మేమందరం ఎందుకు వెనక్కి జరిగామో తెలియక, మా మొహాలు ఒక్కొక్కటే చూసింది.

అది బొమ్మ రీలు. అంచులు వంకర్లు తిరిగి, ముడుచుకుపోయి ఉంది. ‘కొంత పనికొస్తుందమ్మా, చేత్తో తిప్పి చూస్తాను’ అన్నాడు సాయిశ్రీనివాస్. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. కొన్ని గడ్డకట్టి ఉన్నాయి, కొన్నిటిలో ఆశ ఉంది. ఆ తర్వాత మాటల రీళ్ళ డబ్బాలు తీశాడు. సినిమాకి బొమ్మ ఒక రీలు మీదా, మాట ఇంకో రీలు మీదా ఉంటాయి, విడుదలకు ముందు రెంటినీ కలుపుతారు. ఈ సినిమా అంతదాకా రానేలేదు. మాట ఉన్నదల్లా టేపు లాంటి రీళ్ళ మీదే. వాటి మీద ఇనుము పూత ఉంటుంది. ఆ ఇనుము ఈ కుళ్ళుని ఇంకా తొందరపెడుతుందని నాకు ఆఫీసులో చదివితే తెలిసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పి ఏం చేయను?

మూత తీసేసరికి లోపల రీలు లేదు. రీలు ఆకారంలో గోధుమరంగు ముద్ద ఉంది. సాయిశ్రీనివాస్ వేలితో తాకగానే అంచు పొడిగా రాలింది. రెండో డబ్బా అంతే. మూడోదీ అంతే. చివరిది తెరిచేటప్పుడు చలపతిరావు గారు చాకు పట్టుకోలేక నాకిచ్చాడు. నేను తీశాను. అదీ అంతే.

చలపతిరావు గారు గోడకు చేరగిలబడి, ‘లక్క నేనే పోశాను... చీమ కూడా దూరకుండా...’ అని మళ్ళీ మళ్ళీ అదే అంటున్నాడు. ఇరవై రోజుల ముందు తీసి ఉంటే మిగిలేదా అని ఆయన నన్ను అడుగుతాడేమోనని భయపడ్డాను. అడిగాడు. ‘తెల్వదు పెద్దయ్యా’ అన్నాను. అది నిజం. ఆ నిజం ఆయన్ని ఓదార్చలేదు, నిందించనూ లేదు, దేనికీ కొరగాలేదు. మంజులతమ్మ లేచి, ఆయన పక్కన కూర్చుని, అన్నయ్య చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఆ రోజు పలక ముట్టుకోలేదు.

బొమ్మ రీళ్ళను సాయిశ్రీనివాస్ స్టూడియోకి తీసుకెళ్ళి నానా తంటాలు పడ్డాడు. ఎక్కువ భాగం మెషీనులో నడవలేదు. చేత్తో కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్క సీను మాత్రం టేపు మీదికి ఎక్కించగలిగాడు. కబురు రాగానే ఒక ఆదివారం ఉదయం ముగ్గురం వెళ్ళాం. మంజులతమ్మ జరీ అంచు చీర కట్టుకుంది, మెడకు ఉతికిన కొత్త గుడ్డ కట్టుకుంది.

తెర మీద గోదావరి. పడవలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. పంతొమ్మిదేళ్ళు, రెండు జడలు. మొహం కెమెరాకి ఆనదని ఎవడన్నాడో గానీ వాడి కళ్ళు పోను! ఆ అమ్మాయి ఆలస్యంగా వచ్చిన ఎవరినో నడుం మీద చెయ్యి వేసుకుని దులిపేస్తోంది. తిడుతూ తిడుతూ తన తిట్లకి తనే నవ్వేసింది. నవ్వు ఆపుకుని మళ్ళీ తిట్టింది. తెర అంతా ఆ అమ్మాయే మాట్లాడుతోంది, గదిలో మాత్రం ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు ఆమె మాట వినాలని ఎంత ఉబలాటం కలిగిందంటే, పిచ్చిదానిలా ముందుకు వంగాను.

సీను అయిపోయింది. సాయిశ్రీనివాస్ గొంతు సవరించుకున్నాడు. ‘అమ్మా, మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట. అచ్చం మీ గొంతులా పలికే అమ్మాయి ఒకతి ఉంది. డైలాగులు మీకు గుర్తుంటే రాసివ్వండి, రేపే చెప్పించేస్తాను. నిజం చెప్తున్నానమ్మా, ఎవరికీ తెలీదు.’

అతను ప్రేమతోనే అన్నాడు. మంజులతమ్మ సంచిలోంచి పలక తీసి, ‘నాకు తెలుస్తుందిగా నాయనా’ అని రాసింది. తర్వాత తుడిచి, ‘ఇంకోసారి వేయి’ అని రాసి, పలక నా ఒళ్ళో పెట్టి లేచింది.

బయటికి వెళ్తోందనుకున్నాను. ఆమె అద్దాల తలుపు తోసుకుని మైకు ఉన్న గదిలోకి వెళ్ళింది. హెడ్‌ఫోన్లు తీసి చెవులకు పెట్టుకుంది. మైకుని తన ఎత్తుకు సరిచేసుకుంది. అలవాటైన చేతులు, తడుముకోలేదు. ఎదురుగా తెర వంక చూసి, సిద్ధమని తల ఊపింది. సాయిశ్రీనివాస్ నా వంక చూశాడు. అతను రికార్డింగు మీట నొక్కి, టేపు నడిపాడు.

పడవలో అమ్మాయి నోరు తెరిచింది. అద్దం వెనక మంజులతమ్మ నోరు తెరిచింది. ఒక్క మాట ముందు కాదు, ఒక్క మాట వెనక కాదు. అమ్మాయి ఆగిన చోట ఆగింది, చెయ్యి విసిరిన చోట ఈమె చెయ్యీ కదిలింది, తన తిట్లకి తనే నవ్విన చోట ఈమె భుజాలు అదిరాయి. స్పీకర్లలోంచి మాకు వినబడింది గాలి చప్పుడు ఒక్కటే. మెడ దగ్గరి గుడ్డలోంచి వచ్చిపోయే ఊపిరి. నేను చీర కొంగుతో నోరు మూసుకున్నాను.

చలపతిరావు గారు తెర వంక చూడలేక తల దించుకుని కూర్చున్నాడు. ‘సింక్ సరిపోయిందా?’ అని నెమ్మదిగా అడిగాడు.

‘ఒక్క అక్షరం తప్పలేదు సార్’ అన్నాడు సాయిశ్రీనివాస్. కళ్ళు తుడుచుకుని, లోపలికి వినబడే మీట నొక్కి, ‘ఓకే అమ్మా’ అన్నాడు.

మంజులతమ్మ అద్దంలోంచి మా వంక చూసింది. మేం విన్నదేమిటో మా మొహాల్లో వెతుక్కుంది. తల అడ్డంగా ఊపింది. బాగా రాలేదన్నట్టు పెదవి విరిచి, ఒక వేలు పైకెత్తి చూపించింది.

వన్ మోర్.

సాయిశ్రీనివాస్ టేపు వెనక్కి తిప్పాడు.